నీటి కింద రోబో పొజిషన్ తప్పుతోందా? ముందు తప్పు ఆకారం చూడండి

జీపీఎస్ సంకేతాలు నీళ్లలోకి దిగవు, కాబట్టి రోబో మునిగిన క్షణం నుంచి దాని పొజిషన్ ఎక్కువగా శబ్దం మీదే ఆధారపడుతుంది. ఓడ అడుగున ఉన్న యూఎస్‌బీఎల్ అనే ధ్వని పరికరం రోబో మీది బీకన్‌ను పిలిచి, జవాబు రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం, వచ్చిన వైపును బట్టి కోణం లెక్కేస్తుంది. డీవీఎల్ అనే వేగమాపకం నీటి అడుగు నేల మీదికి ధ్వని కిరణాలు కొట్టి వేగం చెబుతుంది, జైరో దిక్కు చెబుతుంది, ప్రెజర్ సెన్సర్ లోతు చెబుతుంది. వీటిలో ఏది తప్పినా స్క్రీన్ మీద మనకు కనిపించేది మాత్రం తప్పు చోట ఉన్న ఒక్క చుక్కే. అప్పుడు టెన్షన్ పడి సెట్టింగులన్నీ ఒకేసారి మార్చేస్తే ఇక అసలు కారణం ఎప్పటికీ దొరకదు, దయచేసి ఆ పని చేయకండి.

చుక్క ఉన్నట్టుండి ఎగిరి, మళ్లీ వెనక్కి వస్తోంది

రెండు కారణాల్లో ఒకటి: రొద లేదా ప్రతిధ్వని. వీలైతే ఓడ థ్రస్టర్లు (ఓడను కదిపే ప్రొపెల్లర్లు) అర నిమిషం ఆపి చూడండి. ఎగరడం ఆగితే రొదే, కాబట్టి ఓడ కింది ట్రాన్స్‌సీవర్‌ను (యూఎస్‌బీఎల్ సంకేతాలు పంపి, అందుకునే భాగాన్ని) ప్రొపెల్లర్ బుడగలు తగలనంత లోతుకు దించండి. ఆగకపోతే పక్కనున్న ఉక్కు స్తంభాలో రేవు గోడో బీకన్ జవాబును తిప్పికొడుతున్నాయి. బీకన్‌ను రోబో పైభాగాన, ఓడ వైపు ఏ అడ్డూ లేకుండా బిగించండి. స్తంభాల మధ్యలోనే రోజుల తరబడి నిర్మాణ పని ఉంటే ఫిల్టర్లతో కుస్తీ పట్టకుండా నేల మీద నాలుగైదు ట్రాన్స్‌పాండర్లు (పిలిస్తే జవాబిచ్చే పరికరాలు) పెట్టి, వాటి నుంచి దూరాలు కొలిచే ఎల్‌బీఎల్ పద్ధతి వాడటమే నయం.

రోబో కదలకపోయినా చుక్క కదులుతోంది

నన్నడిగితే అన్నిటికన్నా పనికొచ్చే పరీక్ష ఇక్కడే ఉంది. రోబోను నేల మీద కూర్చోబెట్టి, యూఎస్‌బీఎల్ చుక్కలను మాత్రమే స్క్రీన్ మీద ఉంచి, ఓడను ఉన్నచోటే నెమ్మదిగా ఒక చుట్టు తిప్పించండి. చుక్కలు గుండ్రంగా గీత గీస్తే చాలావరకు జీపీఎస్ యాంటెన్నాకీ ట్రాన్స్‌సీవర్‌కీ మధ్య కొలత తప్పుగా ఎక్కింది, ఆ వృత్తం వ్యాసార్థమే మీ తప్పు. టేపు తీసుకుని మళ్లీ కొలవండి, ముందు వెనక, కుడి ఎడమ గుర్తులు తారుమారయ్యాయేమో కూడా చూడండి, ఎందుకంటే చాలాసార్లు అంకె సరిగానే ఉండి ప్లస్ మైనస్ తప్పుతుంది.

ఓడ ఉన్నచోట తిరిగితే ఏమీ కాలేదు, కానీ రోబో చుట్టూ తిరిగి అవతలి వైపుకి వెళ్తే చుక్క జరిగిందా? అప్పుడు ట్రాన్స్‌సీవర్ బిగించిన కోణం తప్పు. ఒక్క డిగ్రీ తేడా 100 మీటర్ల దూరాన దాదాపు 1.75 మీటర్లు. క్యాలిబ్రేషన్ మళ్లీ చేయాలి, దగ్గరదారి లేదు. చుక్కలు ఓడ ఎటు తిరిగినా పట్టించుకోకుండా చిన్న గుంపుగానే ఉంటే మీ యూఎస్‌బీఎల్ బాగానే ఉన్నట్టు, తప్పు రోబో వైపు వెతకండి.

చుక్క మెల్లగా ఒక పక్కకి జారిపోతోంది

చాలావరకు డీవీఎల్‌కు నేల దొరకడం లేదు. మరీ ఎత్తులో ఉన్నా, మరీ దగ్గరగా ఉన్నా, కింద నాచు ఊగుతున్నా ఇలా జరుగుతుంది. ఎత్తు మార్చి చూడండి. స్తంభం వెంట పైకీ కిందకీ తిరిగే తనిఖీ అయితే డీవీఎల్‌ను ముందుకు, స్తంభం వైపు తిప్పి బిగించే పద్ధతి కూడా ఉంది.

బయల్దేరిన చోటికి సరిగ్గా వచ్చింది, కానీ మధ్యలో గుర్తించినవి తప్పు చోట ఉన్నాయి

ఇందులో నేనూ మోసపోయాను. పైపు వెంట 400 మీటర్లు వెళ్లి తిరిగొస్తే మొదలుపెట్టిన చోటుకీ చివరి చుక్కకీ అర మీటరు కూడా తేడా లేదు, ఇంకేం అంతా బాగుందనుకున్నాం. తర్వాత చూస్తే అవతలి చివరి జాయింటు 7 మీటర్లు పక్కకి పడింది. డీవీఎల్ ఒక డిగ్రీ వంకరగా బిగించి ఉంది. వెళ్లేటప్పుడు పడిన తప్పు వచ్చేటప్పుడు తిరగబడి కొట్టుకుపోతుంది, అందుకే తిరిగొచ్చిన చోటు సరిపోయిందన్నది సాక్ష్యం కానే కాదు. దూరపు చివర, పొజిషన్ ముందే తెలిసిన ఒక గుర్తు దగ్గర సరిచూడండి.

ఓడకు దూరమయ్యేకొద్దీ తప్పు పెరుగుతోంది

కోణం సరిచూశాక కూడా ఇలాగే ఉంటే ధ్వని వేగాన్ని అనుమానించండి. నిజానికి సెకనుకు 1485 మీటర్లు ఉంటే సాఫ్ట్‌వేర్‌లో 1500 అలాగే వదిలేశారనుకోండి, 1 శాతం తేడా, అంటే 100 మీటర్లకు ఒక మీటరు. గోరువెచ్చని నీటిలో ఒక్క డిగ్రీ పెరిగితే సెకనుకు దాదాపు 2 నుంచి 3 మీటర్లు వేగం పెరుగుతుంది, ఉప్పదనం కూడా మారుస్తుంది. ధ్వని వేగం కొలిచే ప్రోబ్‌ను నేల దాకా దించి కొలవండి, ఎండ ఎక్కాక మళ్లీ కొలవండి, నది కలిసే చోటైతే ఇంకా తరచుగా.

సోనార్ మ్యాప్‌లో ఒకే పైపు రెండుసార్లు పడింది

ఎదురెదురుగా నడిపిన రెండు వరసల్లో, ప్రయాణ దిశకు అడ్డంగా ఉన్న పైపు ముందుకీ వెనక్కీ జరిగితే గడియారాలు కలవడం లేదేమో చూడండి. సెకనుకు ఒక మీటరు వేగంలో అర సెకను ఆలస్యమంటే అర మీటరు, అదీ రెండు వైపులా. సోనార్‌కూ నావిగేషన్‌కూ ఒకే టైమ్ సిగ్నల్ ఇవ్వండి. మ్యాప్‌లో చదునైన నేల పట్టీ అంచులు నవ్వినట్టు పైకో ఏడ్చినట్టు కిందికో వంగితే అది మళ్లీ ధ్వని వేగమే. ఒక అంచు పైకి, ఇంకో అంచు కిందికి పోతే సోనార్ పక్కకి ఒరిగి ఉంది, చదునైన నేల మీద ప్యాచ్ టెస్ట్ (సోనార్ బిగింపు కోణాల తేడా పట్టే పరీక్ష) చేసి సరిదిద్దండి.

లోతు తేడా వస్తోంది

మంచినీటిలో పనిచేస్తూ ఉప్పునీటి సాంద్రత వదిలేస్తే 40 మీటర్లకు దాదాపు ఒక మీటరు తక్కువ చూపిస్తుంది. సముద్రంలోనైతే పోటు పాట్ల లెక్క కలిపారో లేదో చూడండి.

ఉక్కు దగ్గరికి వెళ్లగానే రోబో గిర్రున తిరుగుతోంది

మీ రోబో జైరో బదులు అయస్కాంత దిక్సూచి మీద నడిచేదైతే, ఆ దిక్సూచి మోసపోతోంది. హెడింగ్ హోల్డ్ (దిక్కును దానంతటదే నిలబెట్టే మోడ్) ఆపి చేత్తో నడపండి. అలాంటి చోట పని రోజూ ఉంటే అయస్కాంతం మీద ఆధారపడని ఫైబర్ ఆప్టిక్ జైరో తప్పదు.