ఏడు చేపల కథను చదవడం మొదలుపెట్టిన పిల్లలకు తిరిగి రాయడం ఎలా

గుణింతాలు దాటి ఇప్పుడిప్పుడే వాక్యాలు కూడబలుక్కుంటున్న పిల్లలకు పాత కథను కొత్తగా రాయాలనుకుంటే, వారు విని ఉన్న కథనే ఎంచుకోవాలి. ఏడు చేపల కథ అందుకు చాలా అనువైనది. ఎండని చేప వామి మీద, వామి ఆవు మీద, ఆవు కాపరి మీద, కాపరి అవ్వ మీద, అవ్వ పాప మీద, పాప చీమ మీద నెపం వేస్తూ పోతాయి కనుక, ప్రశ్న వరుస పట్టుబడగానే పిల్లలు జవాబును ముందే ఊహించి, అది అవునో కాదో చూసుకోవడానికి చదువుతారు. ఈ గొలుసును తెంచకూడదు.

మార్చదగినవి దాని చుట్టూ ఉన్నవి. రాజుగారి చేతికి సెల్‌ఫోన్ ఇచ్చినంత మాత్రాన కథ కొత్తదైపోదు. అనంతపురం పిల్లల కోసం రాస్తున్నవారు రాజకుమారుల వేటకు బదులు, వానలకు నిండిన బుక్కరాయసముద్రం చెరువుకు అక్కాతమ్ముళ్లను పంపవచ్చు. గడ్డివామి స్థానంలో అక్కడి పశువులు మేసే వేరుశనగ కట్టె వామిని పెట్టవచ్చు. బువ్వ పెట్టే పని అవ్వకు బదులు తాతకు అప్పగించి, దాని గురించి ఒక్క మాట కూడా వివరించకుండా సాగిపోవాలి, ఎందుకంటే కథ మధ్యలో ఆగి నీతి చెప్పడం మొదలుపెడితే గొలుసు అక్కడే తెగుతుంది.

అసలు కష్టమంతా మాటల ఎంపికలో ఉంది. పాత కథలోని ‘అడ్డం వచ్చింది’ అన్న జవాబులో రెండు ద్విత్వాలున్నాయి. ‘నా మీద నీడ పడింది’ అంటే ఒక్క ఒత్తు కూడా లేకుండా అదే విషయం తెలుస్తుంది. అలాగే ‘వామీ, వామీ, నీడ ఎందుకు వేశావు?’, ‘ఆవు మేయలేదు’, ‘కాపరి రాలేదు’ అని సగం కథను ఒత్తులు లేకుండానే నడపవచ్చు. ‘తాత బువ్వ పెట్టలేదు’ దగ్గర ద్విత్వాలను ప్రవేశపెట్టి, ‘చీమ కుట్టింది’ వరకు వాటితోనే సరిపెట్టి, సంయుక్తాక్షరాలను పూర్తిగా వదిలేయాలి. సంధులను కూడా విడదీసి, ‘ఎందుకెండలేదు’ అని కాక ‘ఎందుకు ఎండలేదు’ అని రాయాలి. ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?’ అన్న చీమ మాటను మాత్రం ముట్టుకోవద్దు. వాక్యం పొడవైనదే అయినా, నోటికి వచ్చినది కనుక పిల్లలు దాన్ని అవలీలగా చదివేస్తారు.

నాలుగు ఏ4 కాగితాలను మధ్యకు మడిస్తే 16 పేజీలు వస్తాయి. మొదటి పేజీలో పేరు, రెండో పేజీలో చేపలు పట్టి ఎండబెట్టడం పోగా, ఏడు ప్రశ్నలకూ ఏడు జవాబులకూ మిగిలినవి సరిగ్గా సరిపోతాయి. ప్రశ్న కుడి పేజీలో, జవాబు ఆ కాగితం వెనక ఉంటే, పేజీ తిప్పడమే ఒక ఆట అవుతుంది. ప్రశ్న పక్కన జవాబు చెప్పేసే బొమ్మ వేయకూడదు. చేప పేజీలో నీడ కనిపించవచ్చు గాని, వామి కనిపించకూడదు. చివరి జవాబు బయటి పేజీలో పడుతుంది కనుక, పైన ఒక అట్ట తప్పనిసరి.

అచ్చుకు ఇచ్చేముందు, కథ తెలియని ఒక బిడ్డ చేత బొమ్మలు లేని ప్రతిని చదివించి, రెండుసార్లు ఆగిన ప్రతి మాట కింద గీత గీసి, ఆ మాటను మార్చాలి.