పవర్ ప్లాంటు చెత్తకు పద్దు రాయడం ఎలా

మింజూరులో ఉంటూ ఇరవై రెండేళ్లు ప్లాంటు ల్యాబులో కెమిస్ట్‌గా పనిచేశాను. ఇప్పుడు ఉద్యోగం మానేసి, ఎన్నూరుకీ గుమ్మిడిపూండికీ మధ్య నాలుగైదు కంపెనీలకు వ్యర్థాల రిటర్నులు, అంటే ప్రభుత్వానికి ఇచ్చే లెక్కలు, రాసిపెడుతున్నాను. మొన్న సూళ్లూరుపేట నుంచి రోజూ లోకల్‌లో వచ్చే ట్రైనీ కుర్రాడొకడు, "అక్కా, వార్షిక రిపోర్టులో వ్యర్థాల పేజీ నన్ను రాయమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?" అన్నాడు. ల్యాప్‌టాప్ మూసి సేఫ్టీ బూట్లు వేసుకోమన్నాను. పేజీ ఆఫీసులో తయారవ్వదు మరి.

ముందు రెండు పుస్తకాలు పెట్టుకోండి. ఒకటి బూడిదకి, ఇంకోటి మిగతా అన్నిటికీ. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు బూడిదను ఆ జాబితాలోంచి తీసేశాయి: పరిమాణం ఎక్కువ, ప్రభావం తక్కువ అని. ఆ మాట బూడిద చెరువు (నీళ్లతో కలిపి బూడిదను వదిలే చోటు) పక్కన కాపురం ఉండేవాళ్ల ముందు అనకండి. చట్టంలో దాని దారి వేరు, అంతవరకే.

బూడిద లెక్క బొగ్గుతో మొదలవుతుంది. పది లక్షల టన్నుల బొగ్గు కాలి, సగటు బూడిద 34 శాతం ఉంటే 3.4 లక్షల టన్నులు పుట్టినట్టు. అందులో ఐదింట నాలుగు వంతులు చిమ్నీ దారిలో ఈఎస్పీ (పొగలోంచి కరెంటుతో బూడిదను పట్టే యంత్రం) పట్టే ఎండు బూడిద, మిగతాది బాయిలరు అడుగున పడేది. సైలో (బూడిద నింపే పెద్ద గొట్టం లాంటి గోదాము) నుంచి బల్కర్లలో, అంటే మూసిన ట్యాంకరు లారీల్లో, సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్లేదాన్ని కాటా వేస్తారు కాబట్టి దానితో పేచీ లేదు. చిక్కంతా చెరువులోంచి తవ్వి రోడ్లకూ ఇటుకలకూ పంపే తడి బూడిదతో. లారీలో నీళ్లు కూడా తూగుతాయి. వారానికోసారి శాంపిలు ఓవెన్‌లో ఆరబెట్టి తేమ శాతం తీసేయకపోతే లేని వాడకం కాగితం మీద పుట్టుకొస్తుంది. "వినియోగం 104 శాతం" అని గొప్పగా వేసిన రిపోర్టు కనబడితే నేను మొదట అడిగేది తేమ గురించే, తర్వాత పాత నిల్వ గురించి. ఈ ఏడు పుట్టిన బూడిదనూ, ఏనాటిదో చెరువులో పడి ఉన్నదాన్నీ ఒకే వరుసలో కలపకండి. కేంద్ర పర్యావరణ శాఖ 2021 డిసెంబర్ 31 నోటిఫికేషన్ ఈ రెండింటికీ వేర్వేరు గడువులు పెట్టింది. వాడకుండా మిగిల్చిన బూడిదకు టన్నుకు వెయ్యి రూపాయల పరిహారం కూడా అందులోదే.

ఇక రెండో పుస్తకం. బూడిద లక్షల టన్నులైతే ఇది పదుల్లోనే ఉంటుంది, తంటా మాత్రం అంతా దీనితోనే. వాడిన టర్బైన్, ట్రాన్స్‌ఫార్మర్ నూనె, నూనె తుడిచిన కాటన్ వేస్ట్, డీఎం ప్లాంటులో (బాయిలరు నీళ్లలో లవణాలు తీసేచోట) వాడిన రెజిన్, ఈటీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) బురద, రసాయనాలు అంటిన ఖాళీ డ్రమ్ములు. ట్యూబ్‌లైట్లు, కంప్యూటర్లు ఈ-వేస్ట్ కిందకీ, కంట్రోల్ రూము లెడ్ బ్యాటరీలు 2022 బ్యాటరీ నిబంధనల కిందకీ పోతాయి.

నూనె దగ్గర నేను చేసిన తప్పే చెబుతాను. నలభై డ్రమ్ములు, ఒక్కోటి 210 లీటర్లు, మొత్తం 8,400. రిజిస్టరులో 8.4 టన్నులని రాసేశాను. రీసైక్లర్ ట్యాంకరులోకి తోడుకున్నాక కాటా చీటీ 7,310 కిలోలంది. తనిఖీకి వచ్చిన ఇంజనీరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "టన్ను నూనె ఎవరికి అమ్మారమ్మా?" అన్నాడు. షెడ్డులో మిగిలిన ఒక నిండు డ్రమ్మును స్టోర్సు తూకం మీదికి దొర్లించాం. 201 కిలోలు. ఖాళీ డ్రమ్ము 18. అంటే నూనె 183. నలభైతో గుణిస్తే దాదాపు చీటీలో ఉన్నంతే. నూనె లీటరుకు కిలో తూగదు, 0.87 దాకా తూగుతుంది. కెమిస్ట్‌ని అయ్యుండి ఆ ముక్క మరిచాను. అప్పటినుంచి నా రిజిస్టరులో లీటర్ల గడే లేదు.

డ్రమ్ము మీద లేబులు వానకు చెరగని పెయింటుతో ఉండాలి. అందులో మొదటి లీటరు పోసిన తేదీ తప్పకుండా రాయించండి. నిల్వకు మామూలు గడువు 90 రోజులు, నేను ఆ రోజు నుంచే లెక్కపెడతాను. అక్టోబరు వచ్చేలోగా షెడ్డు కప్పు, చుట్టూ కట్టిన గట్టు చూసుకోండి. ఈశాన్య రుతుపవనాల్లో గట్టు లోపల నిలిచిన నీళ్లకు నూనె తెట్టు కలిసిందా, అది కూడా తూచి రాయాల్సిన వ్యర్థమే.

బండి గేటు దాటేటప్పుడు మానిఫెస్టు, అంటే సరుకు వెంట వెళ్లే చీటీ ఫారం 10, ఏడు రంగుల్లో ఏడు కాపీలు. పసుపుది మన దగ్గర ఉంటుంది. అందరూ దాన్ని ఫైల్లో పెట్టి పని అయిపోయిందనుకుంటారు. నేను ఎదురుచూసేది నీలం కాపీ కోసం. సరుకు అందుకున్నవాడు సంతకం పెట్టి మనకు పంపేది అదే. అది వచ్చి, అందులో తూకం మన చీటీతో కలిస్తేనే "పంపాం" అని రాస్తాను. బురద గుమ్మిడిపూండి ల్యాండ్‌ఫిల్‌కే వెళ్లనివ్వండి, కనుచూపు దూరమే కదా అని ఊరుకోకండి. నీలం రాకపోతే ఫోను చేసి విసిగించండి. వాళ్లు తిట్టుకుంటారు, పర్వాలేదు.

రోజువారీ పద్దు ఫారం 3లో ఉంటే సంవత్సరాంతానికి కూడికలే మిగులుతాయి. బూడిద వివరాలు ప్రతి నెలా 5లోగా ప్రభుత్వ పోర్టల్లో, వార్షికం ఏప్రిల్ 30కి. ప్రమాదకర వ్యర్థాల ఫారం 4 జూన్ 30కి. ఎన్విరాన్‌మెంట్ స్టేట్‌మెంట్, అంటే ఫారం 5, సెప్టెంబర్ 30కి. లిస్టెడ్ కంపెనీల్లో మొదటి వెయ్యింటికి 2022–23 నుంచి సెబీ బీఆర్‌ఎస్‌ఆర్ (పర్యావరణ, సామాజిక బాధ్యతల మీద ఏటా ఇచ్చే నివేదిక) కూడా తప్పనిసరి. అందులో ప్లాస్టిక్, ఈ-వేస్ట్, బయోమెడికల్, కట్టడాల శిథిలాలు, బ్యాటరీ, రేడియోధార్మికం, ఇతర ప్రమాదకరం, ఇతర సాధారణం అని ఎనిమిది గళ్లు, అన్నీ టన్నుల్లోనే. బూడిద ఆఖరి గడిలో కూర్చుని మిగతా ఏడింటినీ మింగేస్తుంది. అందుకే మొత్తం అంకె ఒక్కటే వేసి ఊరుకోవద్దంటాను, బూడిదను విడిగా చూపించండి.

సెబీ అడిగే ఆ పట్టికలో నిల్వకు గడి లేదు. పుట్టింది ఒకచోట, రీసైకిల్‌కో ల్యాండ్‌ఫిల్‌కో పోయింది ఇంకోచోట. మార్చి 31న షెడ్డులో ఆరు డ్రమ్ములు మిగిలాయంటే రెండూ కలవవు. కలవాలని అంకెలు దిద్దే పెద్దమనుషులున్నారు. దిద్దకండి, కింద ఒక వాక్యం రాయండి: ఇంత నిల్వ ఉంది, ఫలానా నెలలో పంపాం అని.

ఆ కుర్రాడికి చివరగా అప్పజెప్పిన పని ఇదే. మార్చి 31 సాయంత్రం ఐదింటికి స్టోర్సు మనిషిని వెంటబెట్టుకుని షెడ్డుకి వెళ్లాలి. ప్రతి డ్రమ్మూ తూచి, లేబులు కనబడేలా ఫోటో తీసి, ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఏప్రిల్ 1 ప్రారంభ నిల్వ గడిలో ఆ అంకే పడాలి. మార్చి 31 ఆదివారమైనా సరే, రావాల్సిందే.