అమెరికా ప్రభుత్వ పాఠశాలలను, వాటి సంస్కరణ ప్రతిపాదనలను బేరీజు వేయడం ఎలా?

అమెరికాలో ఇల్లు వెతుక్కునే తల్లిదండ్రులు ముందుగా చూసేది స్కూల్ రేటింగ్. పదికి ఇంత అని కనిపించే ఆ అంకెలో పరీక్షల సగటు ఫలితాలకే పెద్దపీట ఉంటుంది కనుక, అది బడిలో జరిగే బోధన కన్నా అక్కడి కుటుంబాల ఆర్థిక స్థితినే ఎక్కువగా చెబుతుంది. అందువల్ల రేటింగును పక్కన పెట్టి, రాష్ట్ర విద్యాశాఖ వెబ్‌సైట్‌లో ఉండే స్కూల్ రిపోర్ట్ కార్డును తెరవండి.

2002లో వచ్చిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం 3 నుంచి 8వ గ్రేడు వరకు ఏటా, హైస్కూల్లో ఒకసారి రీడింగ్, గణితం పరీక్షలను తప్పనిసరి చేసింది. 2015లో దాని స్థానంలో వచ్చిన చట్టం కూడా ఆ నియమాన్ని కొనసాగించింది. పేద పిల్లలు, ఇంగ్లీషు నేర్చుకుంటున్నవారు, వైకల్యం ఉన్నవారు ఎలా చదువుతున్నారో విడివిడిగా ప్రకటించాలి కాబట్టి, సగటు వెనుక దాగిన తేడాలు ఆ కార్డులో బయటపడతాయి. చాలా రాష్ట్రాల కార్డుల్లో 'గ్రోత్' అనే అంకె, అంటే అవే పిల్లలు ఏడాదిలో ఎంత ముందుకు వెళ్లారో చెప్పేది, కూడా ఉంటుంది. మొదట చూడవలసింది అదే. ఒక బడిలో 80 శాతం పిల్లలు ఉత్తీర్ణస్థాయిలో ఉండి గ్రోత్ తక్కువగా ఉందనీ, మరో బడిలో 45 శాతమే ఆ స్థాయిలో ఉన్నా గ్రోత్ ఎక్కువగా ఉందనీ అనుకుందాం. పిల్లలకు ఏడాదిలో ఎక్కువ నేర్పుతున్నది రెండో బడే. చిన్న బడుల్లో ఈ అంకె ఏటికేడు ఊగిసలాడుతుంది కనుక కనీసం మూడేళ్లవి కలిపి చూడాలి. బడి దినాల్లో పదో వంతు, అంటే 180 రోజుల్లో 18 రోజులు మానేసిన పిల్లల శాతాన్ని కూడా గమనించండి.

పరీక్షను, ఉత్తీర్ణతకు గీతను ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నిర్ణయిస్తుంది కాబట్టి, రాష్ట్రాలను పోల్చాలంటే 4, 8 గ్రేడులకు జాతీయ స్థాయిలో జరిగే 'నేప్' పరీక్షే దిక్కు. 2019లో 282గా ఉన్న 8వ గ్రేడు గణిత సగటు 2022లో 274కు పడిపోయిందని చెప్పినది అదే. అయితే ఆ పరీక్ష ఫలితాల్లో 'ప్రొఫీషియెంట్' అని పిలిచే స్థాయి అంటే గ్రేడు స్థాయి కన్నా ఎక్కువ. ఈ సంగతి తెలియక చాలామంది పిల్లలకు చదవడమే రాదని వాపోతుంటారు.

ఇక ప్రతిపాదనల విషయం. ఏ ప్రతిపాదన వచ్చినా, దాన్ని ఎవరు నిర్ణయిస్తారో ముందు తేల్చుకోండి. పాఠశాలల ఖర్చులో ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ వాటా సుమారు పదో వంతే. మిగతాది రాష్ట్రమూ, ఆస్తి పన్ను మీద ఆధారపడే స్థానిక స్కూల్ డిస్ట్రిక్టూ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడుల పాలనా విభాగం) భరిస్తాయి. డిస్ట్రిక్టుల మధ్య నిధుల అసమానత ఫెడరల్ రాజ్యాంగానికి విరుద్ధం కాదని 1973లో సుప్రీంకోర్టు రోడ్రిగెజ్ కేసులో తీర్పు చెప్పింది కాబట్టి, నిధుల పోరాటం ప్రధానంగా రాష్ట్ర శాసనసభల్లోనూ, రాష్ట్ర కోర్టుల్లోనూ సాగుతోంది.

తరువాత, దానివల్ల తరగతి గదిలో ఏం మారుతుందో అడగండి. మిసిసిపీ 2013లో తెచ్చిన చట్టం గురించి చెప్పేటప్పుడు, చదవడం రాని 3వ గ్రేడు పిల్లలను అదే గ్రేడులో ఉంచడాన్నే చాలామంది ప్రస్తావిస్తారు. కానీ ఆ రాష్ట్రం అక్షరాలకూ ధ్వనులకూ ఉన్న సంబంధాన్ని క్రమపద్ధతిలో నేర్పేలా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది, వెనుకబడిన బడులకు కోచ్‌లను పంపింది, వెనుకబడే పిల్లలను చిన్న గ్రేడుల్లోనే గుర్తించింది. ఒకప్పుడు దేశంలో అట్టడుగున ఉన్న ఆ రాష్ట్రపు 4వ గ్రేడు రీడింగ్ 2019 నాటికి జాతీయ సగటును అందుకుంది. శిక్షణను వదిలేసి పిల్లలను ఆపడం ఒక్కటే అరువు తెచ్చుకునే ప్రతిపాదనను నేను సమర్థించలేను. తరగతిలో పిల్లల సంఖ్యను తగ్గించే విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం: టెనెసీలో 1980లలో జరిగిన ప్రయోగం తరగతిలో పిల్లలు తక్కువగా ఉంటే మేలని చూపింది, కానీ 1996లో కాలిఫోర్నియా అదే పనిని హడావిడిగా చేపట్టడంతో అర్హత పత్రాలు లేనివారిని కూడా ఉపాధ్యాయులుగా తీసుకోవలసి వచ్చింది.

1991లో మిన్నెసోటా చట్టంతో మొదలైన చార్టర్ స్కూళ్లలో (ప్రభుత్వ నిధులతో, కానీ స్వతంత్రంగా నడిచే బడులు) గొప్పవీ ఉన్నాయి, నాసిరకంవీ ఉన్నాయి. పేరును కాక ఆ బడి గ్రోత్‌ను, మధ్యలో మానేసేవారి సంఖ్యను చూడండి. ఓచర్ల విషయంలో, అంటే ప్రైవేటు బడి ఫీజుకు ప్రభుత్వం సొమ్ము ఇచ్చే పథకాల్లో, ప్రజాధనం తీసుకునే ప్రైవేటు బడి తన ఫలితాలను ప్రకటిస్తుందా అని అడగండి. చాలా పథకాల్లో ఆ బడులు రాష్ట్ర పరీక్ష పెట్టనవసరం లేదు.

ఈ ప్రశ్నలతో స్కూల్ బోర్డు సమావేశానికి వెళ్లండి. అజెండా ముందుగానే ప్రకటిస్తారు. మాట్లాడడానికి సాధారణంగా రెండు మూడు నిమిషాలే ఇస్తారు కనుక, బడ్జెట్‌లోని ఒక పేజీ సంఖ్యను, ఒకే ప్రశ్నను ఎంచుకుని, దాన్ని సభ్యులకు రాతపూర్వకంగా కూడా పంపి, జవాబు ఏ సమావేశంలో ఇస్తారో అక్కడే అడిగి రాసుకోండి.