పాత సెయిల్‌బోట్ కొనే ముందు: ఏ లక్షణం వెనక ఏ లోపం, దానికి ఏం చేయాలి

అమ్మకానికి పెట్టిన పడవను ఎవరైనా కడిగి, పాలిష్ పట్టి, కొత్త దిండ్లు వేసే చూపిస్తారు. దూరప్రయాణాలకు వాడిన పాత ఫైబర్‌గ్లాస్ సెయిల్‌బోట్‌లో ఖరీదైన లోపాలు చాలావరకు ఒకే దారిలో మొదలవుతాయి: రాకూడని చోటికి నీళ్ళు చేరడం. కాబట్టి ఎక్కడ తేడా కనిపించినా, నీళ్ళు ఎటునుంచి వచ్చాయో ముందు వెతకండి. కారణం తేలేదాకా ధర మాట్లాడొద్దు. టార్చ్, మల్టీమీటర్, చిన్న ప్లాస్టిక్ సుత్తి, సుద్దముక్క, కొన్ని తెల్ల గుడ్డలు వెంట తీసుకెళ్ళండి.

డెక్ మీద నడుస్తుంటే అడుగు మెత్తగా దిగుతోంది

చాలా పడవల డెక్‌లో రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్క గానీ ఫోమ్ గానీ ఉంటుంది. రెయిలింగ్ స్తంభాలు, క్లీట్లు (తాళ్ళు కట్టే కొక్కేలు), వించ్‌లు (తాళ్ళు లాగే చక్రాలు) బిగించిన బోల్టులు ఈ పొరల్లోంచి కిందికి దిగుతాయి. బోల్టు చుట్టూ వేసిన సీలెంట్ ఏళ్ళు గడిచేకొద్దీ ఎండి పగులుతుంది. ఆ సందులోంచి దిగిన నీరు బాల్సాను తడిసిన అట్టముక్కలా చేసేస్తుంది.

సుత్తితో డెక్ అంతా నెమ్మదిగా తట్టుకుంటూ పోండి. గట్టి చోట శబ్దం స్పష్టంగా, పదునుగా వస్తుంది. కుళ్ళిన చోట మందంగా, బోలుగా వస్తుంది. అలాంటి చోట్ల సుద్దతో గీత గీసుకుంటూ పోతే లోపం ఎంతమేర పాకిందో కళ్ళకు కడుతుంది.

ఒకటి రెండు బోల్టుల చుట్టూ అరచేతి మేర మాత్రమే ఉంటే భయపడక్కర్లేదు. ఫిట్టింగ్ తీసి, రంధ్రం చుట్టూ కుళ్ళిన చెక్కను తవ్వేసి, పూర్తిగా ఆరనిచ్చి, చిక్కటి ఎపాక్సీతో నింపాలి. అది గట్టిపడ్డాక దాని మధ్యలోంచి కొత్త రంధ్రం వేసి, బ్యుటైల్ టేపుతో (నీరు దిగకుండా సందు మూసే మెత్తటి జిగురు పట్టీ) ఫిట్టింగ్ బిగించాలి. రేపు సీలెంట్ మళ్ళీ వదిలినా నీరు చెక్కను తాకదు. అదే మచ్చ మీటర్ల మేర ఉంటే పై పొర కోసి లోపలి చెక్కంతా మార్చాల్సిందే, అది పెద్ద పని. "చిన్న రంధ్రాలు వేసి ఎపాక్సీ ఎక్కించేశాం" అని అమ్మేవాళ్ళు చెబితే నేనైతే నమ్మను. తడి చెక్కకు ఎపాక్సీ సరిగా అంటుకోదు.

బిల్జ్‌లో (పడవ లోపలి అట్టడుగు గుంటలో) నీళ్ళు నిలుస్తున్నాయి

ముందు అది ఉప్పునీరా, మంచినీరా తేల్చుకోండి. కాస్త నీటిని నల్లటి ప్లేటులో ఆరబెడితే ఉప్పునీరు తెల్లటి పొర వదులుతుంది. మంచినీరైతే ట్యాంకు, దాని గొట్టాలు, కిటికీలు, మాస్ట్ (తెరచాపలు కట్టే నిలువు స్తంభం) లోంచి దిగే వాన చూడాలి. మాస్ట్ అడుగు కీల్ (పడవ కింద ఉండే బరువైన రెక్క) దాకా దిగే పడవల్లో కొద్దిపాటి వాననీరు మామూలే.

ఉప్పునీరైతే ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికెళ్ళే చోటు, హల్‌లో (పడవ ఒంటిలో) నీళ్ళు పోయే చోట ఉండే సీకాక్‌లు అనే వాల్వులు, కీల్‌ను పట్టి ఉంచే బోల్టులు ఒక్కొక్కటే తుడిచి ఆరబెట్టి, ఏది మొదట తడుస్తుందో గమనించండి. షాఫ్ట్ దగ్గర పాతరకం ప్యాకింగ్ (నీరు రాకుండా చుట్టూ కుక్కిన తాడు) ఉంటే, తిరిగేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు పడటం లోపం కాదు. ఆగి ఉన్నప్పుడు కూడా ధారగా కారితే ప్యాకింగ్ మార్చాలి. చుక్క కూడా పడకుండా మరీ బిగిస్తే షాఫ్ట్ వేడెక్కి అరుగుతుంది.

సీకాక్ పిడి తిరగకపోతే, పడవ నీళ్ళలో ఉండగా బలవంతం చేయకండి. విరిగితే లోపలికి సముద్రమే వస్తుంది. గట్టుకు ఎక్కించాక లోహాన్ని కాస్త గీకి చూడండి. గులాబీ రంగు తేలితే అందులోని జింక్ కరిగిపోయిందని అర్థం. అది మామూలు ఇత్తడి. దాన్ని తీసేసి సముద్రానికి పనికొచ్చే కంచుది వేయాలి.

కీల్, హల్ కలిసే చోట పగులు

వెంట్రుకవాసి గీత చాలా పడవల్లో ఉంటుంది, అక్కడ నింపిన ఫిల్లర్ పగలడమే కారణం. పడవ గట్టుకు ఎక్కి గంటలు గడిచినా ఆ గీత తుప్పునీరు కారుస్తుంటే మాత్రం కీల్ బోల్టులను అనుమానించాలి. లోపల నేలపలకలు ఎత్తి, కీల్ వెనక అంచుకు పైనున్న అడ్డబద్దెల్లో చీలికలు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఎప్పుడో రాయికి గట్టిగా తగిలిందని అర్థం. కీల్ దించి బోల్టులు చూడటమే సరైన దారి. దానికి అమ్మేవాళ్ళు ఒప్పుకోకపోతే ఆ పడవ వదిలేయండి.

ఇంజిన్ సంగతులు

మీరు వెళ్ళేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే మరో రోజు రండి. స్టార్టింగ్ ఇబ్బంది చల్లటి ఇంజిన్‌లోనే బయటపడుతుంది. నల్లపొగ అంటే గాలి చాలట్లేదు లేదా భారం ఎక్కువైంది: ఎయిర్ ఫిల్టర్, ప్రొపెల్లర్‌కు పట్టిన నాచు, గుల్లలు చూడండి. నీలంపొగ అంటే ఆయిల్ కాలుతోంది. మొదట్లో వచ్చి పోయే తెల్లపొగతో ఇబ్బంది లేదు, ఆగకుండా వస్తుంటే ఇంజెక్టర్లు, కంప్రెషన్, హెడ్ గ్యాస్కెట్ పరీక్ష చేయించాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలరంగులో ఉంటే అందులో నీళ్ళు కలిశాయి.

వేడెక్కిపోతుంటే సముద్రపు నీరు నడిచే దారినే వెళ్ళండి. ముందు జాలీ, తర్వాత నీటిపంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్. దాని రెక్కలు లెక్కపెట్టండి. ఒకటి తక్కువైతే ఆ ముక్క నీటి దారిలో దాని తర్వాత వచ్చే హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో (ఇంజిన్ వేడిని సముద్రపు నీటికి అందించే భాగం) ఇరుక్కుని ఉంటుంది. కొత్త ఇంపెల్లర్ వేసి ముక్కను వదిలేస్తే సమస్య తీరదు. ఇవన్నీ బాగున్నాయంటే, పొగలో నీరు కలిసే ఎగ్జాస్ట్ ఎల్బో మసితో, ఉప్పుతో పూడిపోయిందేమో విప్పి చూడాలి.

రేవులో గంటసేపు చక్కగా నడిచిన ఇంజిన్ అలల్లోకి వెళ్ళగానే ఆగిపోతుంటే ట్యాంకు అడుగునే వెతకాలి. అక్కడ చేరిన నీటికీ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి బురద కడతాయి. పడవ ఊగగానే అది లేచి ఫిల్టర్‌ను మూసేస్తుంది. ఇరుకు దారిలో ఇలా జరిగితే ప్రాణాల మీదికి వస్తుంది. ట్యాంకు మూత తీసి నీరు, బురద తోడి, గోడలు తుడిచి, రెండు డీజిల్ ఫిల్టర్లూ మార్చి, లైన్‌లోంచి గాలి తీసేయాలి. ఆ తర్వాతే జీవులను చంపే మందు వేయాలి. ముందే వేస్తే చచ్చిన బురదంతా కొత్త ఫిల్టర్‌లోకే వస్తుంది.

మాస్ట్‌ను పట్టుకునే తీగలు

తెల్లగుడ్డతో తీగను తుడవండి. గుడ్డ దారం ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ ఒక పోగు తెగింది. ఒక్క పోగు తెగినా ఆ తీగ మార్చాలి. తీగ చివర నొక్కిన ఫిట్టింగ్‌లో నిలువు చీలిక ఉన్నా అంతే. ఈ తీగలన్నిటినీ కలిపి రిగ్గింగ్ అంటారు; దాన్ని మామూలుగా 10 నుంచి 15 ఏళ్ళకు మారుస్తారు. ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి.

తీగల కన్నా నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేవి చెయిన్‌ప్లేట్లు, అంటే ఆ తీగలను పడవకు బిగించే స్టీలు పట్టీలు. స్టెయిన్‌లెస్ స్టీల్‌ను కాపాడే పైపొరకు ఆక్సిజన్ కావాలి. డెక్ మందంలో ఇరుక్కున్న భాగానికి తడి తగులుతుంది, గాలి తగలదు. అందుకే పైనా కిందా మెరుస్తూనే మధ్యలో తినేసి ఉంటుంది. లోపలి చెక్క మీద గోధుమరంగు చారలు ఉంటే చెయిన్‌ప్లేటు బయటికి తీసి చూడటం తప్పనిసరి.

ముందు తెరచాప చుట్టుకోవట్లేదు

తాడు బలంగా లాగకండి, తెరచాపను చుట్టే పరికరం (ఫర్లర్) విరుగుతుంది. ఎక్కువగా పైన హాలియార్డ్ (తెరచాపను పైకి లాగే తాడు) ఫోర్‌స్టే (మాస్ట్‌ను ముందువైపు పట్టే తీగ) చుట్టూ మెలిపడటమే కారణం. హాలియార్డ్ కాస్త పక్క కోణంలో వచ్చేలా మాస్ట్ పైన గైడ్ బిగిస్తే సరిపోతుంది. తెరచాప అంచున ఎండ ఆపే పట్టీ కుట్లను గోటితో గీరి చూడండి. దారం తెగితే బట్ట బాగున్నా మళ్ళీ కుట్టించాలి.

లైట్లు మసకబారుతున్నాయి

ఛార్జర్ ఆపేసి కొన్ని గంటలయ్యాక కొలవండి. మామూలు లెడ్ బ్యాటరీలో 12.7 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం. బ్యాటరీ దగ్గర బాగుండి లైటు దగ్గర అరవోల్టు తగ్గితే బ్యాటరీ మార్చినా లాభం లేదు. పచ్చగా పట్టిన కనెక్షన్లు కోసి, టిన్ పూత ఉన్న కొత్త వైరు వేయాలి.

ఎంత కడిగినా టాయిలెట్ వాసన

గొట్టాన్ని వేడినీటి గుడ్డతో కాసేపు చుట్టి ఉంచి, ఆ గుడ్డ వాసన చూడండి. గుడ్డకు అంటితే గొట్టం గోడల్లోంచే వాసన బయటికి వస్తోంది, ఇక ఏ మందూ పనిచేయదు. వాసన పట్టని రకం శానిటేషన్ గొట్టం వేయించాలి. గుడ్డకు వాసన రాకపోతే, లోపలికి తోడుకునే సముద్రపు నీరు గొట్టంలో నిలిచి, అందులోని జీవులు చచ్చి కుళ్ళుతున్నాయి. పడవ వదిలి వెళ్ళే ముందు ఆ లైన్‌లో మంచినీరు పంపితే తగ్గిపోతుంది.