మైక్రో ఎల్‌ఈడీలో లో-ఇండెక్స్ పూత: ఎక్కడ వేయాలి, ఎంత మందం వేయాలి

మైక్రో ఎల్‌ఈడీ తెరలో బుల్లి ఎల్‌ఈడీ చిప్పులే పిక్సెళ్లు. ఆ చిప్పు మీద తక్కువ వక్రీభవన గుణకం (పదార్థం కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) ఉన్న పూత ఒకటి పూసేస్తే లోపల ఇరుక్కున్న వెలుతురు బయటికొచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని రెండు వారాలు పోగొట్టుకున్నాను. రాదు. ఎందుకు రాదో తెలిస్తే, ఆ పూత నిజంగా పనికొచ్చే చోట్లేవో కూడా తెలిసిపోతాయి, అందుకే అక్కణ్ణుంచే మొదలుపెడతాను. (వక్రీభవన గుణకం అని ప్రతిసారీ రాయలేను, ఇకమీదట ఇండెక్స్ అంటాను.)

నీలం, ఆకుపచ్చ చిప్పులు గాలియం నైట్రైడ్‌తో చేస్తారు. నీలి కాంతికి దాని ఇండెక్స్ సుమారు 2.45, గాలికి 1. లెక్కేస్తే సందిగ్ధ కోణం 24 డిగ్రీలు వస్తుంది. లంబానికి 24 డిగ్రీల లోపు తగిలిన కిరణమే బయటపడుతుంది, మిగతాదంతా సంపూర్ణాంతర పరావర్తనమై వెనక్కి పోతుంది. అన్ని దిక్కులకూ సమానంగా పుట్టిన వెలుతురులో పై ముఖం నుంచి ఈ సందులో పడేది 4 శాతం పైచిలుకు, అంతే. ఇప్పుడు మధ్యలో 1.3 ఇండెక్స్ పొర పెట్టారనుకోండి. స్నెల్ నియమం ప్రకారం ఇండెక్స్‌ను కోణం సైన్‌తో గుణిస్తే వచ్చే విలువ చదునైన పొరల్లో ఎక్కడా మారదు, కాబట్టి ఎన్ని పొరలు పేర్చినా చివర్లో గాలే ఉంటే ఆ 24 డిగ్రీలు అలాగే ఉంటాయి. 32 డిగ్రీలు దాటిన కిరణం చిప్పు హద్దు దగ్గరే ఆగుతుంది, 24కీ 32కీ మధ్యది పూత దాకా వచ్చి గాలి దగ్గర ఆగుతుంది. ఆగే చోటు మారింది తప్ప వచ్చిందేమీ లేదు. పైగా చిప్పుకీ గాలికీ మధ్య యాంటీ రిఫ్లెక్షన్ (వెనక్కి తిరిగే కాంతిని తగ్గించే) పొర కావాలంటే దాని ఇండెక్స్ 2.45కి వర్గమూలం, అంటే 1.57 దగ్గర ఉండాలి. 1.3 పూత ఆ పనికీ సరిగ్గా సరిపోదు.

కోణం మారాలంటే ఎక్కడో ఒకచోట ఆకారం మారాలి, లేదా కాంతి చెదరాలి. గరుకు ఉపరితలమో, వాలు గోడో, లెన్సో, చెదరగొట్టే కణాలో ఉన్నచోట ఈ పూత పెడితే అప్పుడు దాని సంగతి వేరు. నా లెక్కలో అలాంటి చోట్లు మూడు, వాటితో పాటు అందరికీ తెలిసిన పై గాజు ఒకటి.

పై గాజు సంగతి త్వరగా చెప్పేస్తాను. గాజు ఇండెక్స్ 1.5, గాలితో కలిసే హద్దు దగ్గర 4 శాతం కాంతి వెనక్కి తిరుగుతుంది. మెగ్నీషియం ఫ్లోరైడ్ (1.38) క్వార్టర్ వేవ్ (పూత లోపలి తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు) మందంలో వేస్తే అది 1.4 శాతానికి దిగుతుంది, బోలు సిలికా కణాలతో చేసిన 1.25 పూతైతే ఎంచుకున్న రంగు దగ్గర దాదాపు సున్నా అవుతుంది. మందం కావాలంటే తరంగదైర్ఘ్యాన్ని ఇండెక్స్‌కి నాలుగు రెట్లతో భాగించండి: 530 నానోమీటర్ల ఆకుపచ్చకి 1.25 పూత 106 నానోమీటర్లు. పూశాక దీపం కింద వాల్చి చూస్తే గాజు మీద లేత ఊదా రంగు ప్రతిబింబం కనిపించాలి, ఆకుపచ్చ తిరిగి రావడం లేదు కాబట్టి నీలం, ఎరుపు మిగులుతాయి. ఆ రంగు ఒక మూల నుంచి ఇంకో మూలకి మారుతోందంటే మందం సమంగా పడలేదన్నమాట, దీనికి మెషీన్ కూడా అక్కర్లేదు. అయితే ఇక్కడ దొరికే లాభం ఎంత పిండినా 4 శాతం లోపే. గదిలో లైట్లు తెర మీద మెరవకుండా ఉండటమే దీని అసలు ఉపయోగం.

రెండోది చిప్పు పక్కగోడ. పది మైక్రాన్ల లోపు చిప్పులకి పై ముఖంతో పోలిస్తే గోడల వాటా పెద్దది, అక్కణ్ణుంచి కారిపోయే వెలుతురు పక్క పిక్సెల్‌ని చెడగొడుతుంది. గోడని కాస్త వాలుగా చెక్కి, లో-ఇండెక్స్ పొర వేసి, దాని వెనక లోహం పెడితే గోడకి తగిలిన కాంతి పైకి మళ్లుతుంది. మామూలు సిలికా (1.46) అయితే 37 డిగ్రీలు దాటిన కిరణాలు మాత్రమే నష్టం లేకుండా తిరిగొస్తాయి, 1.25 అయితే 31 నుంచే. మిగతా వాటికి లోహం ఉంది, కానీ లోహం తగిలిన ప్రతిసారీ కొంత మింగుతుంది, అందుకే వీలైనంత పని పూతతోనే చేయించాలి.

చాలామంది పొరబడేది ఇక్కడే. యాంటీ రిఫ్లెక్షన్‌కి 100 నానోమీటర్లు వేశాం కదా అని గోడకి కూడా అదే వేస్తారు. కాంతి పరావర్తనం చెందుతూనే హద్దు దాటి కొంత లోపలికి తొంగి చూస్తుంది, పూత పలచగా ఉంటే వెనకున్న లోహం దాన్ని లాగేసుకుంటుంది. గోడకి కనీసం సగం మైక్రాన్ వేయండి. అంతకుముందు, డ్రై ఎచింగ్‌తో (ప్లాస్మాతో చెక్కడం) దెబ్బతిన్న గోడని సన్నటి అల్యూమినా పొరతో, ఏఎల్‌డీ (ఆవిరితో ఒక్కో అణుపొర చొప్పున పేర్చే) పద్ధతిలో కప్పడం మర్చిపోకండి. గోడ దగ్గర కరెంటే వృథా అయిపోతుంటే ఆప్టిక్స్ ఎంత బాగున్నా ఏం లాభం.

మూడోది మైక్రో లెన్స్ మీద. 1.65 ఇండెక్స్ లెన్స్ గాలిలో ఉంటే తేడా 0.65, లెన్స్ బలమంతా ఆ తేడాలోనే ఉంది. దాని మీద మామూలు ఆప్టికల్ గమ్ము (1.48) నింపి గాజు అతికించారా, తేడా 0.17కి పడిపోయి లెన్స్‌లో నాలుగో వంతు బలమే మిగులుతుంది. అదే 1.25 పూతతో లెన్స్ చుట్టూ పల్లాలు పూడ్చి పైభాగం చదును చేసి ఆపైన గమ్ము వేస్తే 0.40 నిలుస్తుంది. చెక్కడానికి అంత కష్టపడ్డ లెన్స్‌ని గమ్ములో ముంచి పాడుచేసే డిజైన్లు చూస్తే నాకు నిజంగా ఒళ్లు మండుతుంది.

నాలుగోది నాకు బాగా ఇష్టమైంది: క్వాంటమ్ డాట్ (నీలి కాంతిని ఎరుపుగానో ఆకుపచ్చగానో మార్చే నానో కణాలు) రంగు మార్పిడి పొరకీ పై గాజుకీ మధ్య. ఇక్కడ పూత లేకపోతే ఏటవాలు కాంతి గాజులోకి దూరి, పైన గాలి దగ్గర ఇరుక్కుని, అడ్డంగా పాకుతూ పక్క పిక్సెల్‌లో తేలుతుంది. మధ్యలో ఒక మైక్రాన్ లో-ఇండెక్స్ పొర ఉంటే అది గాజు దాకా పోకుండా సొంత పిక్సెల్‌లోకే తిరిగొస్తుంది, మార్పిడి పొరలో ఉన్న టైటానియా కణాలు దాన్ని చెదరగొడతాయి, ఈసారి కోణం మారి బయటపడే అవకాశం దొరుకుతుంది. రంగు మారని నీలానికి కూడా ఇంకోసారి డాట్‌లకి తగిలే ఛాన్స్ వస్తుంది. అయితే తిరిగొచ్చిన కాంతిని మింగేసే నల్ల గోడలు చుట్టూ ఉంటే ఇదంతా వృథా, గోడలు తెల్లగానో లోహంతోనో ఉండాలి.

ఇక పూత తయారీ. 1.25 రావాలంటే సిలికాలో దాదాపు సగం గాలి ఉండాలి, 1.30కి 40 శాతం చాలు. బోలు సిలికా కణాలని సిలాక్సేన్ బైండర్‌లో (కణాలని పట్టి ఉంచే జిగురు) కలిపిన ద్రావణం తీసుకోండి. పూసే ముందు ఫిల్టర్ చేయాల్సిందే, ఒక్క గడ్డ ఉన్నా స్పిన్ చేసినప్పుడు (పలకని గిర్రున తిప్పి పూసేటప్పుడు) తోకచుక్కలా గీత పడుతుంది. ముందు 100 డిగ్రీల దగ్గర ద్రావణిని ఎగరగొట్టి, ఆ తర్వాతే అసలు బేక్ చేయండి, ఒక్కసారిగా వేడెక్కిస్తే పొర పగులుతుంది. కింద క్వాంటమ్ డాట్‌లు ఉంటే ఎంత వేడి తట్టుకుంటాయో ముందే చూసుకుని దానికి తగ్గ బైండర్ ఎంచుకోవాలి. మైక్రాన్ మందం కావాలంటే రెండు మూడు సార్లుగా వేయండి.

మా మొదటి బ్యాచ్ ఎలిప్సోమీటర్ (పూత ఇండెక్స్, మందం కొలిచే పరికరం) మీద 1.25 చూపించింది, సంబరపడ్డాం. కొన్నాళ్లకి మళ్లీ కొలిస్తే ఇండెక్స్ పైకి పోయింది. మెషీన్ తప్పనుకున్నాం, అదే ముక్కని హాట్ ప్లేట్ మీద కాసేపు పెట్టి వెంటనే కొలిస్తే మళ్లీ కిందికి దిగింది, అప్పుడు అర్థమైంది రంధ్రాల్లోకి తేమ చేరిందని. తెరిచి ఉన్న రంధ్రాలన్నీ నీటితో నిండితే 1.25 పూత కాస్తా 1.40 అయిపోతుంది, లెక్కేసి చూసుకోండి. దీనికి మందు రెండు రకాలు: రంధ్రాలు మూసుకుని ఉండే బోలు కణాలు ఎక్కువగా వాడటం, లేదా హెచ్ఎండీఎస్ అనే సిలికాన్ రసాయనం ఆవిరి పట్టించి లోపలి గోడలు నీటిని అంటనివ్వకుండా చేయడం. పైన మూత పొర వేసేటప్పుడు ఏఎల్‌డీ వద్దు, దాని ఆవిరి రంధ్రాల్లోకి దూరి లోపలే పెరుగుతుంది. పీఈసీవీడీ (ప్లాస్మా సాయంతో ఆవిరి నుంచి పొర పేర్చే పద్ధతి) సిలికా నయం. ఫోటోరెసిస్ట్ (నమూనా గీయడానికి వాడే, కాంతికి స్పందించే పొర) తీయడానికి ఆక్సిజన్ ప్లాస్మా అసలే కొట్టకండి, పూతలోని, నీటిని అంటనివ్వని మిథైల్ గుంపులు కాలిపోయి అది స్పాంజిలా నీళ్లు పీలుస్తుంది.

కొలవడంలో కూడా ఒక మోసం ఉంది. ఎదురుగా నిలబెట్టిన మీటర్‌లో ప్రకాశం పెరిగిందంటే వెలుతురు ఎక్కువొచ్చిందని కాదు, అంతే వెలుతురు ముందుకు పోగుపడి ఉండొచ్చు. మొత్తం కాంతికి ఇంటిగ్రేటింగ్ స్పియర్, ఏ కోణంలో ఎంతుందో చూడ్డానికి గోనియోమీటర్, రెండూ కావాలి. అదే చిప్పుని, అదే కరెంటులో, పూతకి ముందూ తర్వాతా కొలవండి. పక్కనే ఇంకో నమూనాకి అదే మందంలో 1.5 ఇండెక్స్ మామూలు రెసిన్ వేసి ఉంచండి. రెండిట్లోనూ ఒకేలా పెరిగితే అది లో-ఇండెక్స్ గొప్పతనం కాదు, గాలి సందు పూడటం వల్లో ఉపరితలం మారడం వల్లో వచ్చింది, మళ్లీ ఏ హద్దు దగ్గర వేశారో చూసుకోండి.