వసంతంలో కొండెక్కే ముందు ఇవి చూసుకోండి

కొండల మీద పూలు విచ్చుకునే సీజన్ వచ్చేసింది. నీళ్లు, బూట్ల సంగతి అందరికీ తెలిసిందే, వదిలేద్దాం.

- దారిలో వాగు ఉందా? పొద్దున మోకాలి కిందే ఉన్న నీళ్లు, పైన మంచు ఎండకి కరిగేకొద్దీ సాయంత్రానికి దాటలేనంత పెరగొచ్చు, అందుకే ఎన్నింటికి వెనక్కి తిరగాలో బయల్దేరే ముందే తేల్చుకోండి. వాగు మీద కప్పుకున్న మంచుని అసలు నమ్మొద్దు, కింద నీళ్లు తొలిచేసి డొల్లగా ఉంటుంది.

- పిల్ల జంతువు ఒంటరిగా కనిపించిందా, దగ్గరికి వెళ్లొద్దు. తల్లి చుట్టుపక్కలే ఉంటుంది. ఎలుగుబంటి పిల్లయితే ఇక చెప్పక్కర్లేదు! జూమ్ ఉన్నది అందుకే కదా.

- ఒక స్వెట్టర్ అదనంగా పెట్టుకోండి. 1000 మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది.

- ఫొటో కోసం బాట దిగొద్దు. బాగా ఎత్తులో, రాళ్ల సందుల్లో దిండులా నేలకి అతుక్కుని పెరిగే చిన్న మొక్కలు అంత అవడానికే ఏళ్లు పడుతుంది, ఒక్క బూటు పడితే మళ్లీ తేరుకోవడానికి ఇంకెన్నేళ్లో.

- దిగాక పిడుదులు పట్టాయేమో చూసుకోండి, మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టు అంచున. రోగాలు అంటిస్తాయి. కనిపిస్తే సన్నమొన ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా పైకి లాగండి, మెలితిప్పొద్దు.