ఇనుప పొడి మిక్సర్‌లో అయస్కాంతం తెచ్చే చిక్కులు: సమస్య - పరిష్కారం

ఐరన్ పౌడర్‌లో గ్రాఫైట్, జింక్ స్టియరేట్ (జారుడు కోసం వేసే పొడి) కలిపే వీ-బ్లెండర్ (V ఆకారపు తొట్టే తిరిగే మిక్సర్) అయినా, ఫెర్రైట్ పొడిలో (అయస్కాంతాలు చేసే ఐరన్ ఆక్సైడ్ రకం) నైలాన్ కలిపే రిబ్బన్ బ్లెండర్ (తొట్టి లోపల మెలితిప్పిన పట్టీ తిరిగే మిక్సర్) అయినా ఫిర్యాదులు దాదాపు ఒకటే. మిశ్రమం సమంగా లేదు, లోపల పొడి అంటుకుంటోంది, తూకం తగ్గుతోంది, ఉండలు కడుతోంది. వెంటనే అందరూ చేసేది కలిపే సమయం పెంచడం. 20 నిమిషాలను 40 చేస్తారు, జబ్బు అలాగే ఉంటుంది. మిషన్ ఆపి, ఒక గుండుసూదిని దారానికి కట్టి లోపల వేలాడదీసి చూస్తే రెండు నిమిషాల్లో సగం విషయం తేలిపోతుంది. ఆ రెండు నిమిషాలే ఎవరూ పెట్టరు.

పవర్ లాక్ చేయడం, ఎర్తింగ్, మాస్కు, దుమ్ము జాగ్రత్తలు మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు.

సమస్య: శాంపిల్ తీసిన చోటల్లా ఇనుము శాతం మారుతోంది

ముందు శాంపిల్ తీసే గొట్టాన్నే అనుమానించండి. అది మామూలు ఇనుముదో, అయస్కాంతం పట్టే స్టెయిన్‌లెస్ రకమైన 410 గ్రేడ్‌దో అయి, కాస్త అయస్కాంతం పట్టి ఉంటే ఇనుప రేణువులను ఎక్కువగా లాక్కుంటుంది, గ్రాఫైట్ తక్కువ చూపిస్తుంది. అలా మంచి బ్యాచ్ రిజెక్ట్ అవుతుంది. గొట్టం కొసను శుభ్రంగా తుడిచి ఐరన్ పౌడర్ మీద ఆనించి ఎత్తండి. పొడి వేలాడితే గొట్టం మార్చండి. ఇత్తడిదో, అయస్కాంతం పట్టని స్టెయిన్‌లెస్ రకమైన 316ఎల్‌దో వాడండి.

గొట్టం బాగుంటే నింపిన పరిమాణం చూడండి. వీ-బ్లెండర్‌ను మొత్తం ఘనపరిమాణంలో 50-60 శాతం దాటి నింపితే పొడి దొర్లడానికి చోటుండదు. దీనికి ఇంకో కొస కూడా ఉంది. 500 లీటర్ల బ్లెండర్‌లో 300 లీటర్లు పోస్తే, సీసీకి 3 గ్రాములుండే ఐరన్ పౌడర్ 900 కిలోలవుతుంది. ఆహార, మందుల పొడుల కోసం చేసిన మిషన్ అంత బరువుకు కట్టినది కాకపోవచ్చు. నేమ్‌ప్లేట్ మీద లీటర్లే కాదు, కిలోలూ చదవండి.

రెండూ సరిగా ఉంటే తేడా కలిపేటప్పుడు కాక దింపేటప్పుడు వస్తోంది. ఇనుము సాంద్రత 7.8, గ్రాఫైట్‌ది 2.2 చుట్టుపక్కల. మీటరు ఎత్తు నుంచి డ్రమ్ములోకి వదిలితే తేలికైన సన్న గ్రాఫైట్ గాలిలో తేలి వేరుపడుతుంది. డ్రమ్మును వాల్వు దగ్గరికి ఎత్తండి, లేదా గుడ్డ గొట్టం తగిలించండి.

సమస్య: ప్రతి బ్యాచ్‌లోనూ అదే చోట పొడి అంటుకుంటోంది, తూకం తగ్గుతోంది

ఎక్కువమందిని ముంచేది ఇదే. అంటుకున్న పొడి ఆకారం చూస్తే కారణం చాలావరకు తెలుస్తుంది. తేమ వల్లయితే పూత పూసినట్టు పరుచుకుంటుంది, వేలితో గీస్తే గీత పడుతుంది. స్టాటిక్ వల్లయితే పలచగా, ఎక్కువగా ప్లాస్టిక్ మూతలకూ చూసే అద్దానికీ పడుతుంది, కాసేపు వదిలేస్తే రాలిపోతుంది. అయస్కాంతం వల్లయితే పొడి ముళ్లలా నిక్కబొడుచుకుని నిలబడుతుంది. బ్రష్షుతో దులిపినా తరువాతి బ్యాచ్‌లో అక్కడే, అదే ఆకారంలో మొలుస్తుంది. వెల్డు చివరలు, రిబ్బన్ అంచులు, స్క్రేపర్ కొసలు, షాఫ్టు రెండు చివరలు ముందుగా చూడండి.

"మా బాడీ స్టెయిన్‌లెస్ స్టీల్, ఎస్‌ఎస్ 304, దానికి అయస్కాంతం పట్టదు" అంటారు. ఒక మాగ్నెట్ తెచ్చి గోడకు ఆనించి, అంటుకోలేదని తేల్చేస్తారు. ఆ పరీక్ష వేరే ప్రశ్నకు జవాబు. మాగ్నెట్ అంటుకుంటే ఆ లోహం అయస్కాంతానికి లొంగే రకమని తెలుస్తుంది, అంతే. ఆ లోహమే అయస్కాంతంగా మారి పొడిని లాగుతోందా అన్నది తెలియాలంటే అయస్కాంతం కాని ఇనుప ముక్క కావాలి. గుండుసూది అందుకే. పైగా మాగ్నెట్ పెట్టేది నున్నటి గోడకు, జబ్బు ఉండేది రిబ్బన్‌లో.

304 రేకు మిల్లు నుంచి వచ్చినప్పుడు అయస్కాంతానికి దాదాపు స్పందించదు. దాన్ని వేడిచేయకుండా వంచినా, ప్రెస్‌లో నొక్కినా, గట్టిగా గ్రైండ్ చేసినా అందులోని ఆస్టెనైట్ (అయస్కాంతం పట్టని లోహ అమరిక) కొంత మార్టెన్‌సైట్‌గా మారుతుంది. మార్టెన్‌సైట్‌కు అయస్కాంత గుణం ఉంది. రిబ్బన్ అంటేనే మెలితిప్పిన పట్టీ. 308ఎల్ ఫిల్లర్‌తో వేసిన వెల్డులో డెల్టా ఫెర్రైట్ (అయస్కాంతం పట్టే లోహ అమరిక, పైన చెప్పిన ఫెర్రైట్ పొడి కాదు) కొంత కావాలనే ఉంచుతారు, లేకపోతే వెల్డు చల్లారేటప్పుడు పగలవచ్చు. కొన్ని మిషన్లలో షాఫ్టు లోపల ఈఎన్8 అనే అయస్కాంతం పట్టే ఉక్కు, పైన 304 తొడుగు. అంటే "304 మిషన్"లో అయస్కాంతం కాగల భాగాలు చాలానే ఉన్నాయి.

వాటిని అయస్కాంతం చేసేది ఎక్కువగా రిపేరే. విరిగిన రిబ్బన్ చేతిని డీసీ వెల్డింగ్‌తో అతికిస్తారు. కేబుల్ పొడవు ఎక్కువైందని షాఫ్టుకే అయిదు చుట్లు చుట్టేస్తారు. 150 ఆంపియర్లు అయిదు చుట్ల గుండా పోతే 750 ఆంపియర్-టర్న్‌ల కాయిల్ తయారైనట్టే, షాఫ్టు దాని కోర్. మాగ్నెటిక్ బేస్ డ్రిల్ పెట్టి రంధ్రం చేసినా, పగుళ్ల కోసం మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష చేసి డీమాగ్నెటైజ్ చేయకుండా (పట్టిన అయస్కాంతం తీసేయకుండా) బిగించినా అంతే. కాబట్టి మొదట అడగాల్సింది "పొడి సప్లయర్ మారాడా" అని కాదు, "ఈ మధ్య ఇక్కడ వెల్డింగ్ జరిగిందా" అని.

పరీక్ష ఇలా చేయండి. మిషన్ ఖాళీ చేసి, పొడి లేకుండా తుడవండి. రెండు గుండుసూదులను ఒకదానికొకటి తాకించండి. అంటుకుంటే అవి ఈ పనికి రావు, వేరేవి తీసుకోండి. సూదిని 30 సెంటీమీటర్ల నూలు దారానికి కట్టి, గాలి ఆడకుండా ఫ్యాన్లు ఆపి, ఒక్కో అంచు దగ్గరికి 5 మి.మీ. దూరం దాకా మెల్లగా తెండి. సూది పక్కకు వంగిన ప్రతిచోటా మార్కర్‌తో గుర్తు పెట్టండి. గాస్ మీటర్ (అయస్కాంత బలాన్ని కొలిచేది) ఉంటే మిషన్‌కు దూరంగా జీరో చేసి, ప్రోబ్‌ను ఆ గుర్తుల మీద ఆనించి అంకెలు రాసుకోండి. భూమి అయస్కాంత క్షేత్రమే అర గాస్ దాకా ఉంటుంది కాబట్టి దాన్ని చూసి కంగారు పడొద్దు. 3 గాస్ లోపు ఉంటే వదిలేయవచ్చు. 10 దాటిన చోటల్లా డీమాగ్నెటైజ్ చేయాల్సిందే. మధ్యలో ఉన్నవాటిని పొడి నిక్కబొడుచుకుంటోందా అన్నదాన్ని బట్టి తేల్చండి.

మందులోనూ చాలామంది ఒకే తప్పు చేస్తారు. చిన్న చోటయితే ఏసీ యోక్ (చేత్తో పట్టుకునే ఏసీ విద్యుదయస్కాంతం) చాలు. ఆన్ చేసి గుర్తు మీద గుండ్రంగా తిప్పుతూ, ఆన్‌లోనే ఉంచి అర మీటరు దూరం దాకా మెల్లగా వెనక్కి తీసి, అప్పుడు ఆఫ్ చేయాలి. లోహం మీద ఉండగానే స్విచ్ వదిలితే, ఆ క్షణంలో ఏసీ ఏ దిశలో ఉందో ఆ దిశలో మళ్లీ అయస్కాంతమవుతుంది. "డీమాగ్నెటైజ్ చేశాం, ఇంకా పెరిగింది" అని చెప్పే కేసుల్లో ముందు అనుమానించాల్సింది దీన్నే.

రిబ్బన్ అసెంబ్లీ బయటికి వస్తే తీసి, తూర్పు-పడమరలుగా పడుకోబెట్టండి. ఉత్తర-దక్షిణాలుగా పెడితే భూమి క్షేత్రం పొడవునా పడి కొంత అయస్కాంతం తిరిగి నిలుస్తుంది. ఏసీ కాయిల్‌లోంచి దూర్చి, కరెంటు ఉండగానే మీటరున్నర దూరం దాకా లాగేయండి. లావు షాఫ్టుకు 50 హెర్ట్జ్ ఏసీ పైపొరకే పనిచేస్తుంది, లోపలిది అలాగే ఉండిపోతుంది. దానికి దిశ మార్చుకుంటూ మెట్టుమెట్టుగా తగ్గే డీసీ యూనిట్ కావాలి, అద్దెకు తెచ్చుకోవచ్చు. బేరింగులకు దగ్గరగా కాయిల్ పెట్టేముందు లోడ్ సెల్స్, సెన్సర్లు తీసేయండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లను ఆ గదిలోకి రానివ్వకండి. పని అయ్యాక సూది పరీక్ష మళ్లీ చేయాలి, అదే గుర్తుల దగ్గర.

వెల్డర్‌కు రెండే మాటలు చెప్పండి. ఎర్త్ క్లాంపు వెల్డు వేసే చోటికి జానెడు దూరంలోనే ఉండాలి, అప్పుడు కరెంటు బేరింగు గుండా కూడా పోదు. కేబుల్‌ను దేనికీ చుట్టకూడదు. వంగిన స్క్రేపర్లు మార్చేటప్పుడు 316ఎల్ తెప్పించండి, అది వంచినా 304 అంతగా మారదు.

సమస్య: మిషన్‌లో అయస్కాంతం లేదు, అయినా పొడి ఉండలు కడుతోంది

అయితే పొడే అయస్కాంతమైంది. ఐరన్ పౌడర్‌కు ఈ బాధ తక్కువ, అది పట్టింది తేలిగ్గా వదిలేస్తుంది. స్ట్రాన్షియం ఫెర్రైట్ అలా కాదు, ఒక్కసారి పట్టితే వదలదు. మాగ్నెట్ గ్రిల్ పెట్టిన హాపర్‌లోంచి పొరపాటున పోయినా, అయస్కాంతం చేసేసిన రిజెక్ట్ ముక్కలను నూరి కలిపినా రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గుంపులు కడతాయి. ఆ గుంపులను ఏ బ్లెండరూ విడదీయలేదు, విడదీసినా మళ్లీ కలుస్తాయి. పైగా ఇలాంటి పొడి, అయస్కాంతం కాని మామూలు ఇనుప గోడకు కూడా అంటుకుంటుంది. ఇక్కడ మాత్రం మాగ్నెట్ పరీక్షకు విలువుంది: మాగ్నెట్ అంటుకునే ప్రతి భాగమూ ఈ పొడిని లాగుతుంది.

తేల్చుకోవడానికి గాజు గ్లాసు నీళ్లలో ఒక చుక్క అంట్లు తోమే ద్రవం వేసి, చిటికెడు పొడి కలపండి. పక్కన కొత్త బస్తా పొడితో ఇంకో గ్లాసు. మంచిది నీళ్లను మసకగా చేస్తూ చాలాసేపు తేలుతుంది. అయస్కాంతమైనది గుంపులుగా త్వరగా అడుగుకు దిగుతుంది. ఒట్టి ఫెర్రైట్ పొడి అయితే 500 డిగ్రీల దాకా వేడిచేసి, అయస్కాంతాలకు దూరంగా చల్లార్చండి. దాని క్యూరీ ఉష్ణోగ్రత 450 చుట్టుపక్కల, అది దాటితే అయస్కాంతం పోతుంది. నైలాన్ కలిసిన స్క్రాప్‌ను ఇలా చేస్తే నైలాన్ కాలిపోతుంది. దానికి దారి ఒకటే: రన్నర్లు (అచ్చు దారుల్లో మిగిలే ముక్కలు), రిజెక్టులు మాగ్నెటైజ్ చేయకముందే వేరు డబ్బాలో పడాలి. అచ్చులోనే అయస్కాంత ఫీల్డ్ పెట్టి పోసే ముక్కలయితే నూరేముందు డీమాగ్నెటైజర్‌లో పెట్టాలి. నియోడిమియం, సమారియం-కోబాల్ట్ సన్న పొడుల దగ్గర వేడిచేసే మాటే ఎత్తకండి. అవి గాలి తగిలితే అంటుకుని మండవచ్చు, ఆర్గాన్ లాంటి జడవాయువు కింద తప్ప మూత తీయకూడదు.

మిగతా కారణాలు

మోటారు కాయిల్ ఫీల్డ్ లోపలికి వస్తోందేమో అంటారు. ఇనుప కేసింగ్ ఉన్న మోటారుతో ఆ భయం అక్కర్లేదు. విద్యుదయస్కాంత వైబ్రేటరీ ఫీడర్ తొట్టికి మరీ ఆనుకుని ఉంటే మాత్రం కాస్త జరపండి. మూత దగ్గరే పొడి మూగుతుంటే సేఫ్టీ ఇంటర్‌లాక్ చూడండి. అందులో చిన్న మాగ్నెట్ ఉండే రకమైతే ఇనుప దుమ్ము దాని చుట్టే చేరి, చివరికి మూత వేసినా మిషన్ స్టార్ట్ కాదు. తాళంలాగా నాలుక దూరే రకం ఇంటర్‌లాక్ వేయించండి. కొత్తది వచ్చేదాకా షిఫ్టుకోసారి తుడవండి, ఇంటర్‌లాక్‌ను మాత్రం బైపాస్ చేయొద్దు.